సీపీయూకీ ఉంది మీటరు రీడింగు

కరెంటు మీటరును ఒక్కసారి చూసి ఈ నెల ఎంత వాడామో చెప్పలేం. పోయిన నెల రీడింగూ చేతిలో ఉండాలి. కంప్యూటరు సంగతీ అంతే. తెరమీద కనిపించే ‘సీపీయూ 25 శాతం’ అన్న అంకె లోపలెక్కడా రాసిపెట్టి ఉండదు. ఎవరో ఒకరు రెండుసార్లు రీడింగు తీసి, తీసివేత చేసి చెప్పాల్సిందే.

ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీల్లో పాతకాపు లిబ్‌స్టాట్‌గ్రాబ్. ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన ఐ-స్క్రీమ్ అనే ప్రాజెక్టులోంచి పుట్టింది. బోలెడు సర్వర్ల బాగోగులను ఒక్కచోట కూర్చుని కనిపెట్టడం ఆ ప్రాజెక్టు ఉద్దేశం. సర్వర్లన్నీ ఒకే రకానివైతే చిక్కే లేదు. కానీ ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ తన మీటరును ఒక్కోచోట బిగించుకుంటుంది!

లినక్స్‌నే చూడండి. అందులో ‘ప్రాక్’ అనే ఫోల్డరు ఉంటుంది. పేరుకే ఫోల్డరు. అందులోని ఫైళ్లు డిస్కు మీద ఉండవు, తెరిచిన క్షణాన ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అప్పటికప్పుడు రాసి ఇస్తుంది. వాటిలో ‘స్టాట్’ ఫైలు తెరిస్తే మొదటి వరుసలో అంకెల బారు కనిపిస్తుంది. కంప్యూటరు ఆన్ చేసినప్పటి నుంచి మన ప్రోగ్రాములకు ఎంతసేపు పనిచేసింది, కెర్నెల్‌కు ఎంతసేపు, ఊరికే ఎంతసేపు కూర్చుంది అన్న పద్దు అది. సాధారణంగా సెకనులో నూరో వంతు ఒక యూనిట్. నాలుగు కోర్ల యంత్రంలో సెకనుకు మొత్తం 400 యూనిట్లు తిరుగుతాయి. అందులో ఖాళీ పద్దు 300 పెరిగిందంటే పనిచేసింది 100. అంటే 25 శాతం.

ఇదే లెక్క వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లైన ఫ్రీబీఎస్‌డీలో సిస్‌కంట్రోల్‌ను, సొలారిస్‌లో కేస్టాట్‌ను అడిగి రాబట్టాలి. లైబ్రరీ లేకపోతే ప్రోగ్రామరు ఒకే పనికి మూడు రకాల కోడ్ రాసుకోవాలి. సీ భాషలో రాసిన లిబ్‌స్టాట్‌గ్రాబ్ ఆ తిరుగుడంతా తనమీద వేసుకుంటుంది. అడిగేవాళ్లకు ప్రశ్న ఒకటే, జవాబు వచ్చే తీరూ ఒకటే.

పైథాన్ భాషలో రాసేవాళ్లకు ఎక్కువ పరిచయమైన లైబ్రరీ పీఎస్‌యుటిల్. ఇటలీకి చెందిన జాంపావ్లో రొడోలా దీన్ని 2009లో తెచ్చారు. దీనితో కొత్తవాళ్లకు ఒక కంగారు తప్పదు. సీపీయూ శాతం మొదటిసారి అడిగితే, కాసేపు ఆగి కొలవమని చెప్పకపోతే, సున్నా వస్తుంది. లైబ్రరీ పాడైందనుకుంటారు. తీసేయడానికి పాత రీడింగు లేదు మరి!

మెమరీ లెక్క ఇంకా తికమక. మిగిలిన మెమరీలో లినక్స్ ఫైళ్లను దాచుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. దాంతో ‘ఖాళీ’ అంకె ఎప్పుడూ బెదిరించేంత చిన్నగా ఉండేది. నిజంగా ఎంత దొరుకుతుందో చెప్పే వరుస 2014లో, లినక్స్ కెర్నెల్ 3.14 వెర్షన్‌లో గానీ రాలేదు.

లైబ్రరీకీ ఒక హద్దుంది. మీటరు ఎక్కడున్నా వెతికి తెస్తుంది కానీ, అంకెల అర్థాన్ని సమం చేయలేదు. పని కోసం సగటున ఎన్ని ప్రోగ్రాములు వరుసలో ఉన్నాయో చెప్పే లోడ్ సగటునే తీసుకోండి: డిస్కు కోసం ఆగిన ప్రోగ్రాములనూ లినక్స్ అందులో కలుపుతుంది. అందుకే సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ ఎక్కువగా కనిపించవచ్చు.

లినక్స్ యంత్రం చేతికందితే, ప్రాక్‌లోని ఆ స్టాట్ ఫైలును ఒక సెకను తేడాతో రెండుసార్లు తెరిచి చూడండి. తీసివేతకు కాగితం, పెన్సిలు చాలు.