పేరున్న డాక్టర్, పేరుమోసిన దొంగ

"పేరున్న డాక్టర్" అంటాం, "పేరుమోసిన డాక్టర్" అని అంతగా అనం. పేరుమోయడం ఎక్కువగా దొంగకే చెల్లుతుంది. ఇద్దరూ నలుగురికీ తెలిసినవాళ్లే అయినా మొదటి మాటలో గౌరవం ఉంది, రెండోదాంట్లో ఏవగింపు ఉంది. ఇంగ్లిష్‌లో ఫేమస్‌కూ నటోరియస్‌కూ మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. ఈ సంగతి తెలియక, నటోరియస్ అంటే "ప్రసిద్ధి చెందిన" అని మాత్రమే బట్టీ పట్టిన విద్యార్థి తనకు చదువు చెప్పిన సారును పొగడబోయి నిందించే ప్రమాదం ఉంది.

ఉత్తర తెలంగాణ పిల్లలకు ఇది అక్కరకొచ్చే విషయం. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు చదువుతారు. అప్పటిదాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు కూడా అక్కడ అన్ని పాఠాలూ ఇంగ్లిష్‌లోనే వినాలి. ప్రభుత్వ బడుల్లోనూ 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు పిల్లల చేతికి అందాయి.

మరి ఎన్ని మాటలు రావాలి? నవలలు, వార్తాపత్రికలు ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసుండాలని న్యూజీలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. హెల్ప్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ లాంటివన్నీ కలిపి ఒక కుటుంబం. అన్ని వేల మాటలను అక్షరక్రమంలో వల్లెవేస్తే నిలవవు. అర్థంలో దగ్గరివాటిని పక్కపక్కన పెట్టి, వాటి మధ్య తేడా పట్టుకుంటే నిలుస్తాయి.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. వీధిబడుల్లో పిల్లలు వల్లించిన అమరకోశం మాటలను అర్థాన్ని బట్టే వర్గాలుగా కూర్చింది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం తెలుగు మాటలకు అదే పని చేసింది. ఇంగ్లిష్‌లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు ఇలాంటి పట్టికను 1805లో తన సొంతానికి రాసుకోవడం మొదలుపెట్టి, 1852లో థిసారస్‌గా అచ్చువేశాడు. అయితే థిసారస్ పక్కపక్కన పెట్టిన మాటలు ఒకదానికొకటి బదులు కావు. ఏది ఎక్కడ పనికొస్తుందో తేల్చుకోవాల్సింది చదివేవాళ్లే. అందుకు ప్రతి మాటనూ కొన్ని ప్రశ్నలు అడగాలి.

మొదటిది, బలం ఎంత? తుంపరకు డ్రిజిల్, కాసేపు కురిసి వెలిసే జల్లుకు షవర్, కుండపోతకు డౌన్‌పోర్. ఆదిలాబాద్ అడవుల మీద రోజుల తరబడి పట్టి వదలని ముసురుకు మాత్రం ఇంగ్లిష్‌లో సరిజోడు దొరకదు. డ్రిజిల్ అంటే సన్నదనం వస్తుంది గానీ, ఎడతెగకపోవడం రాదు. దానికి ముందు పర్సిస్టెంట్ అని చేర్చుకోవాలి.

రెండోది, మెచ్చుకోలా, తెగడ్తా? తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1948లో బీబీసీ రేడియోలో ఒకే గుణాన్ని ముగ్గురికి మూడు మాటల్లో అంటగట్టి ఈ తేడా చూపించారు. మన మాటల్లో చెప్పుకుంటే నాదైతే పట్టుదల, నీదైతే మొండితనం, వాడిదైతే మూర్ఖత్వం. ఫర్మ్, అబ్‌స్టినేట్, పిగ్‌హెడెడ్ మధ్య దూరం అంతే. చూసి ఖర్చుపెట్టేవాడు థ్రిఫ్టీ, పిసినారి స్టింజీ. ఉద్యోగం కోసం రాసే సిఫారసు ఉత్తరంలో ఇవి తారుమారైతే నష్టపోయేది అభ్యర్థి.

మూడోది, ఎక్కడ వాడుతున్నాం? ఇంట్లో "సచ్చిండు" అన్న మాట సంతాప సభలో "కన్నుమూశారు" అవుతుంది, పోలీసు కాగితంలో "మృతుడు" అవుతుంది. ఇంగ్లిష్‌లోనూ డైడ్, పాస్డ్ అవే, డిసీస్డ్ అలాగే చోటు మారుస్తాయి. దీనికి తోడు ఏ మాట పక్కన ఏది ఇముడుతుందో చూడాలి. వానకు హెవీ, గాలికి స్ట్రాంగ్. అటుదిటు చేస్తే అర్థం తెలుస్తుంది గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇలాంటి ఎంపికలతోనే ఏళ్లు గడిపిన మనిషి ఉమ్మడి కరీంనగర్ నేలలోనే ఉండేవారు. వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలను హిందీలోకి తెచ్చారు. ఆ విశ్వనాథ 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చినవారే. హిందీ పుస్తకం పేరు సహస్రఫణ్. వెయ్యికి హిందీ వాడుకలో హజార్ ఉంది. లెక్కకు రెండూ ఒకటే అయినా, ఆదిశేషుణ్ని తలపించే పేరుకు సహస్రలోని గాంభీర్యం అమరింది. మరాఠీ నుంచి తెలుగులోకి కూడా అనువాదం చేసిన పీవీయే 1998లో ఇంగ్లిష్‌లో ది ఇన్‌సైడర్ నవల వెలువరించారు.

తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, గోండీ వినిపించే ఆదిలాబాద్ సంతల్లో పెరిగే పిల్లలకు మనిషిని బట్టి, చోటును బట్టి మాట మార్చడం చిన్ననాటి నుంచే అలవాటు. ఇంగ్లిష్ తరగతి ఆ నేర్పును వాడుకోవాలి. పిల్లల యాసను తప్పుగా చూస్తే ఆ పెట్టుబడి వృథా అవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. దగ్గరి అర్థాలున్న కొత్త మాటలను ఒకేసారి గుంపుగా నేర్చుకుంటే ఒకదానితో ఒకటి కలగాపులగమవుతాయని 1990లలో టామస్ టింక్‌హామ్ ప్రయోగాలు తేల్చాయి. కాబట్టి బాగా తెలిసిన లుక్‌తో మొదలుపెట్టి, ఈ వారం గ్లాన్స్, అది కుదురుకున్నాక గ్లేర్, ఆ తర్వాత పీర్ చేర్చుకోవాలి. అలా ఓసారి చూడటం, గుడ్లురమడం, కళ్లు చికిలించి చూడటం అని తెలుగులో వాటి పక్కన రాసుకోవచ్చు. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువులో ఇన్‌ఫార్మల్, డిసప్రూవింగ్ లాంటి గుర్తులుంటాయి. అర్థంతో పాటు ఆ గుర్తునూ, ఒక ఉదాహరణ వాక్యాన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకుని, అదే మాటతో తమ ఊరి గురించి సొంత వాక్యం ఒకటి రాసి టీచరుకు చూపించాలి.