రూపాయికి ఎంత తగ్గిందమ్మా?

మోకాలి కీలు మార్పిడి అయిన మర్నాడు పొద్దున్నే సిస్టర్ మంచం దగ్గరికొచ్చి ‘నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుంది?’ అని అడిగితే డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ తెల్లమొహం వేస్తుంది. అదే ‘రూపాయికి ఎంత తగ్గిందమ్మా?’ అంటే ఠక్కున జవాబొస్తుంది. ‘పావలా తగ్గింది తల్లీ.’ ముప్పావలా ఇంకా ఉందన్నమాట. చార్టులో అది ఏడో ఎనిమిదో అవుతుంది. ఎముకల వార్డులో బీపీ, జ్వరం, నాడితో పాటు ఈ అంకెనూ రాసుకుంటారు.

నొప్పికి థర్మామీటరు లేదు. రోగి చెప్పిందే దాని కొలత. ఈ సంగతి 1968లో గట్టిగా చెప్పింది మార్గో మెక్‌కాఫరీ అనే అమెరికా నర్సు. ఎముకల నర్సింగుకు ఆద్యురాలిగా చెప్పుకునే ఆగ్నెస్ హంట్‌కైతే ఎవరూ చెప్పాల్సిన పనే లేదు. చిన్నప్పటి తుంటి జబ్బుతో జీవితమంతా అవస్థపడిన ఆమే 1900లో ఇంగ్లండులోని బాస్చర్చ్ పల్లెలో అలాంటి పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు.

నొప్పిని చెప్పడానికి తెలుగువాళ్ళకు మాటల కరువు లేదు. సలుపు, పోటు, తీపు, మంట, పీకుడు, జివ్వుమనడం, కలుక్కుమనడం. చెవి ఒగ్గి వినే నర్సుకు ఇవన్నీ ఒకటి కావు. కుట్ల చుట్టూ వేడి, ఎరుపుతో పాటు సలుపు పెరుగుతోందంటే లోపల చీము పడుతుండవచ్చు. మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం నరాల నొప్పి. దానికి మామూలు బిళ్ళలు అంతగా పనిచేయవు. ఒక్క కాలే వాచి, పిక్క కొత్తగా నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. ఆ పిక్కను మర్దన చేయకూడదు. ఇంటివాళ్ళు ప్రేమకొద్దీ చేసే మొదటి పని మాత్రం అదే.

అన్నిటికన్నా భయపడాల్సిన నొప్పి వేరే ఉంది. బైకు మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగిన కుర్రాడు పిండికట్టుతో పడుకున్నాడనుకుందాం. ఇంజెక్షన్ ఇచ్చి గంటైనా కేకలు ఆగవు. కాలి వేళ్ళు మెల్లగా వంచి చూస్తే ప్రాణం పోతున్నట్టు అరుస్తాడు. కాలి కండరాలు సాగని పొరల మధ్య ఉంటాయి. లోపల వాపు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు దీన్ని. ఆరు గంటలు గడిస్తే కండ చచ్చిపోవచ్చు. పాదం దగ్గర నాడి ఆడుతోంది కదా అని ధీమా పనికిరాదు, నాడి అందకుండా పోయేది చాలా ఆలస్యంగా. ‘వీడికి ఓర్పు లేదు’ అనుకుని మరో ఇంజెక్షన్ పొడిచి వెళ్ళిపోతే ఆ కాలు దక్కకపోవచ్చు. అర్ధరాత్రైనా డాక్టరును లేపి, కట్టును లోపలి దూది పొరతో సహా చర్మం దాకా చీల్పించి, కాలిని గుండె మట్టానికి దించే నర్సు దాన్ని కాపాడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ చేసి పొరను కోస్తారు.

పెద్దాసుపత్రి పిండికట్టైనా, పుత్తూరు కట్టైనా వేళ్ళు పాలిపోయినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు.

మన ఇళ్ళలో ఓర్చుకోవడం గొప్ప గుణం. కీలు మార్పిడి తర్వాత మాత్రం అది చేటు చేస్తుంది. నొప్పికి భయపడి కదల్చని మోకాలు బిగుసుకుపోతుంది. అందుకే నొప్పి ముదరనివ్వకుండా వేళ పట్టి మందులిస్తారు. పారాసెటమాల్, తొడ నరాల దగ్గర మత్తు ఇంజెక్షన్, ఐసు కాపడం, ఇలా ఒక్కదాని మీదే భారం వేయకుండా కొన్నిటిని కలుపుతారు. ఫిజియోథెరపిస్టు నడిపించడానికి వచ్చే ముప్పావుగంట ముందే సిస్టర్ బిళ్ళ మింగిస్తుంది. ఆ వేళ తప్పితే పెద్దమ్మ వాకర్‌ను ముట్టుకోనంటుంది.

‘నొప్పి బిళ్ళలకు కిడ్నీలు పోతాయి’ అన్న భయం ఒట్టిది కాదు. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ జబ్బో కడుపులో పుండో ఉన్నవాళ్ళకు ప్రమాదమే. పారాసెటమాల్ ఆ కోవలోది కాదు, అయితే ఎదిగిన మనిషికైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఇక తీవ్రమైన నొప్పికిచ్చే మార్ఫిన్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కట్టుదిట్టాల వల్ల అది ఎన్నో ఆసుపత్రుల గడప తొక్కలేదు. 2014 సవరణతో లైసెన్సుల చిక్కు కొంత వీడింది.

తుంటి విరిగిన ముసలాయన సంగతి మరీ కష్టం. ఆయన అంకె చెప్పలేడు, పావలా అర్ధా కూడా చెప్పలేడు. రాత్రంతా కలవరిస్తాడు, సెలైన్ గొట్టం లాగేసుకుంటాడు. వయసు మీద పడి చాదస్తమని ఇంటివాళ్ళు సర్దుకుంటారు. చాలాసార్లు ఆ కలవరం వెనక నొప్పి ఉంటుంది. చిట్లించిన కనుబొమలు, పక్కకు తిప్పబోతే సిస్టర్ చెయ్యిని బిగించి పట్టుకోవడం, ఆయన చెప్పేది ఇలాగే. వీపు మీద పుండ్లు పడకుండా ఆయన్ని తిప్పక తప్పదు. ముందు మందు, అది పట్టేదాకా ఆగడం, మోకాళ్ళ మధ్య దిండు, చెరో పక్కా ఒకరు. తిప్పేముందు చెవి దగ్గర వంగి ఒక మాట: ‘తాతా, కొంచెం ఇటు తిప్పుతున్నాం, నా చెయ్యి పట్టుకో.’