కప్ప నిద్ర – కంప్యూటరు నిద్ర

వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక మన డెల్టా చేలు బీటలు తీస్తాయి. వానాకాలమంతా బెకబెకమన్న కప్పలు అప్పుడేమవుతాయి? కొన్ని మట్టిలోకి దూరి, కదలక మెదలక పడి ఉంటాయి. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారని మీరు చదివే ఉంటారు. చలిదేశాల్లో కొన్ని జంతువులు చలికాలమంతా ఇలా నిద్రపోతే అది శీతాకాల సుప్తావస్థ. ఇంగ్లీషులో హైబర్నేషన్. కంప్యూటరుకు కూడా ఈ పేరుతో ఒక నిద్ర ఉంది!

మా బడిలో ఒక అమ్మాయి గంటసేపు కూర్చుని ప్రాజెక్టు టైపు చేసింది. సేవ్ చేసేలోగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఒక్క అక్షరం లేదు. ఎందుకని?

కంప్యూటరు జ్ఞాపకం రెండు రకాలు. ఒకటి ర్యామ్. ఇది నల్లబల్ల వంటిది. చేస్తున్న పనంతా దీనిమీదే సాగుతుంది, కరెంటు ఆగితే మొత్తం చెరిగిపోతుంది. రెండోది డిస్కు. ఇది నోటుపుస్తకం. నెమ్మదైనా, కరెంటు లేకున్నా రాసింది నిలుస్తుంది.

'సస్పెండ్' అనే నిద్రలో ర్యామ్‌కు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. నిద్రించే కప్ప గుండె మెల్లగా కొట్టుకుంటున్నట్లన్నమాట. హైబర్నేషన్‌లో అలా కాదు. నల్లబల్లమీది పాఠాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించి, యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. అంటే కప్ప నిద్రకు దగ్గరిది సస్పెండే!

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సులో ఈ ఏర్పాటును మనమే చేసుకోవచ్చు. ముఖ్యంగా రెండు పనులు.

మొదటిది చోటు. ర్యామ్‌లోని సమాచారం డిస్కులోని 'స్వాప్' అనే భాగంలోకి వెళుతుంది. ర్యామ్ 8 గిగాబైట్లయితే స్వాప్ కూడా అంత ఉండటం క్షేమం. 'జెడ్‌ర్యామ్' అనే స్వాప్ దీనికి పనికిరాదు. అది ర్యామ్‌లోనే ఉంటుంది కదా!

రెండోది చిరునామా. మేలుకున్న యంత్రానికి తాను నిద్రపోయిన సంగతే గుర్తుండదు. అందుకని స్వాప్ గుర్తింపు సంఖ్యను 'రెజ్యూమ్' అనే మాటకు జతచేసి, 'గ్రబ్' అమరికల ఫైలులో రాసి, గ్రబ్‌ను తాజాపరచాలి. స్వాప్ ఒక ఫైలుగా ఉంటే, అది డిస్కులో ఎక్కడ మొదలవుతుందో కూడా తెలపాలి. చిరునామా దొరక్కపోతే యంత్రం ఏమీ ఎరగనట్టు కొత్తగా మొదలవుతుంది. 'సెక్యూర్ బూట్' ఉన్న కొన్ని యంత్రాల్లో లినక్సు ఈ నిద్రకు ఒప్పుకోదు.

ఒక చిన్న లెక్క. రాయవలసింది 4,000 మెగాబైట్లు, డిస్కు వేగం సెకనుకు 100 మెగాబైట్లు అనుకోండి. 40 సెకన్లు పడుతుంది. ఆ కాసేపు కరెంటు ఉండాలి. కనుక యు.పి.ఎస్. గాని, లాప్‌టాప్ బాటరీ గాని తప్పనిసరి.

మరో హెచ్చరిక. లినక్సు నిద్రలో ఉండగా వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో యంత్రాన్ని నడిపి, లినక్సు ఫైళ్ళున్న భాగంలో ఏమీ రాయకూడదు. లేచిన లినక్సు పాత జ్ఞాపకంతో పనిచేసి ఫైళ్ళను పాడుచేయవచ్చు.

మొదటిసారి పనికిరాని నాలుగు మాటలు టైపుచేసి పరీక్షించండి. లేచాక అవి అలాగే కనిపిస్తే మీ ఏర్పాటు సరైనదే. మా అమ్మాయి మాత్రం ఇప్పుడు ముందు సేవ్ నొక్కి, ఆ తర్వాతే కంప్యూటరును నిద్రపుచ్చుతోంది.