గుర్రం కంటె ముందు గురువును చూడండి



"నాకు నలభై రెండేళ్ళు. ఇప్పుడు గుర్రపు స్వారీ నేర్చుకోవచ్చునా? ఆడదాన్ని, ఎవరిని నమ్మి నేర్చుకోను?" అని గూడూరు నుంచి ఒక సోదరి అడిగారు. కోస్తా వైపు గూడూరు కాదు, మన మహబూబాబాదు జిల్లా గూడూరు. ఆవిడ కూతురు కాపురం హైదరాబాదులో. ఏడాదిలో నాలుగైదు నెలలు ఆవిడ అక్కడే ఉంటారట. మనసులో మాట బయటపెడితే ఇంటిల్లిపాదీ నవ్వారట.

నవ్వడానికేముంది చెప్పండి? గూడూరుకు ఎంతో దూరం లేని పాకాల చెరువు గణపతిదేవ చక్రవర్తి కాలం నాటిది. ఆయన కూతురే రుద్రమదేవి. గుర్రం మీద కూర్చున్న ఆ తల్లి బొమ్మను మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చూస్తూనే ఉన్నారు. ఆ మాట పాతది అంటారా? 1975లో హైదరాబాదు శివరాంపల్లికి తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో, ఐ.పి.ఎస్. శిక్షణకు వచ్చిన ఆడపిల్లలు కూడా మగవాళ్ళతో సమంగా స్వారీ నేర్చుకుంటారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 41 ఏళ్ళ తర్వాత మనకు గుర్రపు స్వారీలో బంగారు పతకం వచ్చింది. ఆ నలుగురి జట్టులో ఇద్దరు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, ఆడపిల్లలే. కాబట్టి "ఆడవాళ్ళకెందుకు" అన్న మాట పక్కన పెడదాం. రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

పదేళ్ళ పిల్ల కింద పడితే మట్టి దులుపుకుని లేస్తుంది. మనం అలా లేవలేం. నలభై అయిదు దాటాక మన ఎముకల్లో గట్టిదనం తగ్గుతూ వస్తుంది. పైగా పిల్లలకు లేని భయం మనకుంటుంది. మంచమెక్కితే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న ఆలోచన వెన్నంటే ఉంటుంది. ఆ భయానికి ఒళ్ళు బిగుసుకుంటుంది. మన బిగువు జీను కింద నుంచి గుర్రానికి తెలిసిపోతుంది, అదీ బెదురుతుంది. అందుకే పెద్దవాళ్ళకు నేర్పడం వేరే విద్య. తాను బాగా స్వారీ చేసే ప్రతివాడూ బాగా నేర్పలేడు. కమ్మగా పులిహోర కలిపే అత్తగారు "అంతే, కళ్ళతో చూసి వేసెయ్యి" అంటే కోడలికి కొలత తెలుస్తుందా?

డబ్బు కట్టే ముందు ఒక రోజు ఊరికే వెళ్ళి చూడండి. ముందు గుర్రాలను చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? వీపు మీద, జీను పట్టీ బిగించే చోట పుళ్ళున్నాయా? గిట్టలు పగిలి ఉన్నాయా? తొట్టిలో మంచినీళ్ళున్నాయా? మనిషి దగ్గరకు రాగానే గుర్రం చెవులు వెనక్కి అణచి పళ్ళు చూపిస్తే, దానికి మనుషులంటే సరిపడడం లేదన్నమాట. నోరులేని జీవాన్ని సరిగా చూసుకోని వాడు మిమ్మల్ని చూసుకుంటాడని ఎలా నమ్ముతాం? సైసుతో ఎలా మాట్లాడుతున్నాడో కూడా ఓ చెవి వేసి వినండి.

తర్వాత పాఠం చూడండి. మొదటిరోజు మనిషిని మైదానంలో వదిలేసి దూరం నుంచి కేకలు పెట్టే చోటు మనకు వద్దు. మంచి గురువు గుర్రానికి పొడవాటి తాడు కట్టి, ఆ కొస తన చేతిలో ఉంచుకుని, తన చుట్టూ గుండ్రంగా నడిపిస్తాడు. గుర్రం సంగతి ఆయన చూసుకుంటే, మీరు కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటారు. నడక మీద కుదురు వచ్చాకనే ట్రాట్, అది వచ్చాకనే కాంటర్. "పది రోజుల్లో దౌడు తీయిస్తాను" అన్నవాడికి అక్కడినుంచే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఎక్కడంకన్న ముందే దిగడం, ఆపడం నేర్పేవాడు గురువు.

ఇక మూడోది. ఆయన మిమ్మల్ని ఏమడుగుతాడో గమనించండి. వయసు, బరువు, నడుంనొప్పి, రక్తపోటు, కాన్పులు, ఆపరేషన్లు, ఇవన్నీ అడగాలి. బరువు అడిగితే నొచ్చుకోకండి. జీనుతో కలిపి గుర్రం తన బరువులో అయిదో వంతు దాకా మోయగలదని సాధారణంగా ఒక లెక్క. నాలుగు వందల కిలోల గుర్రమైతే ఎనభై కిలోలు. అందులో జీను బరువు తీసేసి చూసుకోవాలి. "అమ్మా, మీకు సరిపడే గుర్రం మా దగ్గర లేదు" అని చెప్పగలిగినవాడు నిజాయితీపరుడు. డాక్టరు గారిని ముందుగా మీరూ ఒకమాట అడగండి.

మీకిచ్చే గుర్రం వయసులో పెద్దది, నెమ్మదైనది కావాలి. మలక్‌పేట పందేల వంటి వాటినుంచి దిగివచ్చిన గుర్రానికి చిన్నప్పటినుంచి పరుగే నేర్పి ఉంటారు. దాన్ని మళ్ళీ మచ్చిక చేసి నిదానం నేర్పనిదే కొత్తవాళ్ళను ఎక్కించకూడదు. పెళ్ళి ఊరేగింపు గుర్రం మీద సరదాగా నేర్చుకోవడం అసలే వద్దు.

మనం ఆడవాళ్ళం కనుక ఇంకొక మాట మొహమాటం లేకుండా చెబుతాను. కాలు సరిచేయాలన్నా, నడుం నిలబెట్టాలన్నా గురువు ముందు నోటితో చెప్పాలి. చేయి వేయవలసి వస్తే అడిగి వేయాలి. మీరు "ఆపండి" అంటే ఎందుకని అడగకుండా ఆపాలి. భయపడితే ఎగతాళి చేసేవాడు, పదిమందిలో వయసును ఎత్తిపొడిచేవాడు ఎంత విద్వాంసుడైనా మనకు పనికిరాడు. మొదటి నాలుగు రోజులు కూతురినో స్నేహితురాలినో వెంట తీసుకువెళ్ళండి.

బట్టల సంగతి. చీర వద్దు. కాలికి అంటుకునే ప్యాంటు గాని, చున్నీ లేని చుడీదారు గాని వేసుకోండి. గాజులు, పట్టీలు తీసి ఇంట్లో పెట్టండి. కొద్దిగా మడమ ఉన్న బూటు కావాలి. మడమ లేకపోతే పాదం రికాబులోనుంచి జారి ఇరుక్కుంటుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. గడ్డం కింద పట్టీ ఉన్న టోపీ లేకుండా ఎక్కించేచోట ఒక్క నిమిషం కూడా నిలబడకండి. స్కూటరు హెల్మెట్టు దీనికి చాలదు, స్వారీకి వేరే ఉంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన టోపీని మార్చెయ్యాలి.

డబ్బు విషయంలో తొందర వద్దు. ముందు ఒక్క పాఠానికే కట్టండి. మూడు నెలలది ఒకేసారి కట్టమంటే, రెండు పాఠాలయ్యాక చెబుతానని చెప్పండి. రసీదు తీసుకోండి. దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో, ఖర్చు ఎవరిదో అడగండి. మన దేశంలో చాలామంది గురువులు సైన్యంలోనో, పోలీసు అశ్వదళంలోనో పనిచేసి వచ్చినవాళ్ళు. ఎక్కడ పనిచేశారు, పెద్దవాళ్ళలో ఎంతమందికి నేర్పారు అని అడగడం తప్పు కాదు. వీలైతే వాళ్ళ శిష్యురాలితో రెండు మాటలు మాట్లాడండి.

డెన్మార్కులో లిస్ హార్టెల్ అని ఒకామె ఉండేది. 1944లో, కడుపుతో ఉండగా, పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు పడిపోయాయి. కూర్చోవడం దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టింది. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో గుర్రపు డ్రెస్సాజ్ పోటీకి ఆడవాళ్ళను మొదటిసారి రానిచ్చారు. ఆమె మగవాళ్ళతో పోటీపడి వెండి పతకం తెచ్చుకుంది, 1956లో మళ్ళీ తెచ్చుకుంది. ఆమెను గుర్రం మీదికి ఎక్కించడానికి, దించడానికి మనుషులు సాయం పట్టవలసి వచ్చేది. ఆ సాయం పట్టిన చేతులు నమ్మదగినవి కాబట్టే ఆమె ఎక్కగలిగింది.

కాబట్టి గూడూరు సోదరీ, నవ్వినవాళ్ళ సంగతి వదిలెయ్యండి. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు రెండు మూడు చోట్లు చూసి రండి. చూడడానికి రుసుము అడగరు. ఎక్కడ గుర్రాలు నిండుగా, ప్రశాంతంగా ఉన్నాయో, ఎక్కడ మీ మాట పూర్తిగా విన్నాకనే గురువు నోరు విప్పాడో, అక్కడ ఒక్క పాఠానికి డబ్బు కట్టండి. మర్నాడు తొడలు నొప్పి పుడతాయి. కొంచెం వేణ్ణీళ్ళు పోసుకుంటే తగ్గిపోతుంది.