జన్యువును సరిచేసే చికిత్స: ఎంతవరకు ఒప్పు, ఎక్కడ ఆగాలి?

తలసీమియా ఉన్న పిల్లలకు రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. అలాంటి కుటుంబాలకు 2023 నవంబర్‌లో ఒక కొత్త ఆశ కనిపించింది. క్రిస్పర్ పద్ధతిలో జన్యువును మార్చే 'కాస్‌జెవీ' చికిత్సకు బ్రిటన్ అనుమతి ఇచ్చింది. తర్వాత అమెరికా కూడా ఇచ్చింది. అక్కడ దీని ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు.

మరి జన్యువును మార్చడం అల్లాహ్ సృష్టిలో వేలు పెట్టడం కాదా? ఇది చాలామందికి వచ్చే అనుమానమే. ఇక్కడ రెండు రకాల మార్పులను విడిగా చూడాలి.

శరీర కణాల్లో మార్పు

రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. ముందు కీమోథెరపీ ఇస్తారు కాబట్టి సంతానశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. మార్పు ఆ ఒక్కరితోనే ఆగిపోతుంది, వాళ్లకు పుట్టే పిల్లలకు వెళ్లదు.

పిండంలో మార్పు

ఇది తరతరాలకూ వెళ్తుంది. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ పిండాల జన్యువు మార్చి కవల ఆడపిల్లలు పుట్టేలా చేశానని ప్రకటించాడు. 2019లో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలు వేసింది. పుట్టబోయే బిడ్డ అనుమతి అడగలేం, పొరపాటు జరిగితే వెనక్కి తీసుకోలేం. అసలు అభ్యంతరం అదే.

చట్టం, ఫిఖ్ ఏమంటున్నాయి?

ఐరోపా దేశాల 1997 నాటి ఓవియెడో ఒప్పందం ప్రకారం నివారణ, నిర్ధారణ, చికిత్స కోసమే జన్యువును ముట్టుకోవాలి. సంతతి జన్యువును మార్చే ఉద్దేశం ఉండకూడదు. మన దేశంలో ఐసీఎంఆర్ 2019 మార్గదర్శకాలు కూడా శరీర కణాల చికిత్సకు అనుమతులతో దారి ఇచ్చి, తర్వాతి తరాలకు వెళ్లే మార్పును వద్దన్నాయి. మక్కాలోని ఫిఖ్ కౌన్సిల్ 1998లోనే జబ్బు నివారణకు, చికిత్సకు సరేనంది. అయితే దానివల్ల అంతకంటే పెద్ద నష్టం రాకూడదని షరతు పెట్టింది.

సంతకం పెట్టేముందు

ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి అడగాలి. ప్రయోగ చికిత్సకు డబ్బు కట్టమంటే అక్కడే ఆగిపోవాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇస్తారో కాగితంలో ఉండాలి. ఎప్పుడైనా మానేసే హక్కు ఉంటుంది. చిన్నపిల్లల తరఫున తల్లిదండ్రులు సంతకం పెట్టినా, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలి.

ఇంకో మాట మరవొద్దు. చికిత్సతో తలసీమియా తగ్గినా, ఆ వ్యక్తి పిల్లలకు వెళ్లేది పాత జన్యువే. క్యారియర్‌ను పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 50 శాతం. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్లలో నిఖాకు ముందే ఇద్దరికీ హెచ్‌బీఏ2 రక్త పరీక్ష చేయించడం మంచిది.