పాచిక తిరగబడింది.. ‘తాత’ పోయాడు!

ఆదివారం సాయంత్రం. విజయనగరంలో మా డాబా మీద చాప వేసుకుని ఐదుగురం కూర్చున్నాం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతున్నాం. నేను గేమ్ మాస్టర్ని, అంటే కథ నడిపేవాణ్ని. రాజాం నుంచి వచ్చే ఫ్రెండ్ పాత్ర నేలమాళిగలో ఓ గోతిలో పడింది. ప్రాణం కోసం వాడు 20 ముఖాల పాచిక వేశాడు. 1 పడింది. అంతే, పాత్ర చచ్చిపోయింది.

‘‘అయిపోయిందిరా, కొత్తది రాసుకో’’ అన్నాను నవ్వుతూ. వాడు నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘‘బస్సుకి టైమైపోతంది’’ అని లేచిపోయాడు.

రెండు ఆదివారాలు రాలేదు. ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పాడు. ‘‘ఆ పాత్రకి మా తాత పేరెట్టుకున్నాన్రా. ఏటో.. గొయ్యిలో పడీసి పోయాడనేసరికి అదోలా అయిపోయింది.’’

వాళ్ల తాత పోయి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. నాకు నోట మాట రాలేదు.

రూల్ తప్పలేదు.. మరి?

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో 1974లో తెచ్చారు. ఒక్కొక్కరం ఒక్కో పాత్ర అయిపోయి, మాటలతోనే కథ నడుపుతాం. గెలుపోటములు పాచిక చూసుకుంటుంది.

మొదట్లో ప్రాణ పాయింట్లు సున్నా అయితే చావే. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ కాస్త కనికరించింది. సున్నాకి పడ్డాక ప్రతి వంతులో పాచిక వేయాలి. 10 లేదా పైన పడితే పాస్. మూడు పాస్‌లు ముందొస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఫెయిల్స్ ముందొస్తే పోతుంది. 20 పడితే లేచి కూర్చుంటాడు. 1 పడితే రెండు ఫెయిల్స్ కింద లెక్క. మా వాడికి అప్పటికే ఒక ఫెయిల్ ఉంది.

ఇంకో ఆట ‘పారనోయా’(1984)లో చావు పెద్ద జోకు. ఒక్కొక్కరికీ ఆరు క్లోన్లు ఇస్తారు, ఒకటి పోతే ఇంకోటి దిగుతుంది. ‘కాల్ ఆఫ్ కతుల్హు’(1981)లో పాత్ర చావడమో, మతి పోవడమో మామూలే. అక్కడ అందరూ దానికి సిద్ధపడే కూర్చుంటారు. మేం మాత్రం ఆ మాటే అనుకోలేదు. తప్పు పాచికది కాదు, నాది.

బొబ్బిలి గుర్తొచ్చింది

చావు కథలు మన వైపు కొత్తా? 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. రంగారావు పోయాడు, కోట పోయింది. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు యుద్ధానికి అందుకోలేకపోయాడు. తర్వాత రాత్రిపూట గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు, తనూ ప్రాణం వదిలాడు.

ఎవరు చస్తారో వినేవాళ్లందరికీ ముందే తెలుసు. అయినా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఎందుకంటే ఆ చావుకి ఒక కారణం ఉంది, కథలో దానికి చోటుంది. పైగా రంగారావు పసి కొడుకు బతికి బయటపడ్డాడు, కథ ముందుకెళ్లింది. మా ఆటలో నేను ఇవేవీ ఇవ్వలేదు. ‘కొత్తది రాసుకో’ అని చేతులు దులుపుకున్నాను.

పాచిక లేని ఆదివారం

రాజాం వెళ్లి టీ కొట్టు దగ్గర సారీ చెప్పాను. ‘‘మంత్రం పెట్టి బతికించీమంటావా?’’ అనడిగాను. ఆటలో ఆ సదుపాయం ఉంది, 500 బంగారు నాణేల వజ్రం ఖర్చు. వాడు తల అడ్డంగా ఊపాడు. ‘‘వద్దురా. పోయినోడు మరి రాడు గదా. సరిగ్గా పంపిద్దాం, చాలు.’’

ఆ ఆదివారం పాచిక బయటికి తీయలేదు. గోతిలో పడుతూ తాత తాడు విసిరాడనీ, అది పట్టుకునే మిగతా ముగ్గురూ గట్టెక్కారనీ కథ మార్చుకున్నాం. ఒక్కొక్కరం మా పాత్రల గొంతుతో తాత గురించి ఒక్కో జ్ఞాపకం చెప్పాం. చివర్లో వాడు తాత ఆఖరి మాట చెప్పాడు. అది ఇక్కడ రాయను. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మీరూ ఆడతారా?

* మొదటి రోజే అడిగేయండి: ఈ కథలో పాత్రలు చావొచ్చా? ఎవరికైనా ఇబ్బందా?
* ప్రమాదం ఉంటే ముందే తెలిసేలా చెప్పండి. ‘ఇక్కడ ప్రాణం పోవచ్చు’ అన్నాక కూడా ముందుకెళ్తే అది వాళ్ల నిర్ణయం.
* పోయినవాడికి ఆఖరి మాటో, ఆఖరి పనో ఇవ్వండి.
* కొత్త పాత్ర కోసం తొందరపెట్టకండి. ఆ రోజుకి ఆట ఆపేసినా నష్టం లేదు.
* ఆట అయ్యాక ఫోన్ చేయండి. నేను రెండు వారాలు ఆలస్యం చేశాను.

ఇప్పుడు వాడు తాత కర్ర పట్టుకున్న మనవడి పాత్ర ఆడుతున్నాడు. ఎక్కడ చీకటి కనిపించినా ముందు కర్రతో నేల తడిమి చూస్తాడు. మేం నవ్వుతాం. ఈసారి వాడూ నవ్వుతాడు.