మీకు తెలుసా? ఊళ్లు మారిన నేర కథలు
● మార్టిన్ స్కార్సెసీకి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ తెచ్చిన ‘ది డిపార్టెడ్’ (2006) హాంకాంగ్ చిత్రం ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ (2002)కు రీమేక్. ఆస్కార్ వేదికపై మాత్రం మాతృకను జపాన్ సినిమాగా ప్రకటించేశారు!

● హాంకాంగ్ సినిమా నిడివి 101 నిమిషాలు, హాలీవుడ్‌ది 151. మాతృకలో పోలీసు శాఖలో దూరిన ముఠా మనిషి బతికిపోతాడు, రీమేక్‌లో తూటాకు బలవుతాడు.

● ఎడ్ మెక్‌బెయిన్ రాసిన అమెరికన్ నవలను అకిరా కురొసావా జపాన్‌లో ‘హై అండ్ లో’ (1963)గా తీశారు. 2025లో స్పైక్ లీ అదే కథను న్యూయార్క్‌కు తెచ్చారు. చెప్పుల కంపెనీ అధికారి ఇక్కడ సంగీత సంస్థ అధినేత అయ్యాడు.

● కొరియా ‘ఓల్డ్‌బాయ్’ (2003)కు మూలం జపాన్ బొమ్మల కథ. 2013లో దాన్ని ఇంగ్లిష్‌లో తీసిందీ స్పైక్ లీయే.

● కొరియా యాక్షన్ కామెడీ ‘మిడ్‌నైట్ రన్నర్స్’ (2017)లో కిడ్నాప్ గుట్టు విప్పేది ఇద్దరు కుర్రాళ్లు. తెలుగు ‘శాకిని డాకిని’ (2022)లో ఆ పోలీస్ ట్రైనీలు అమ్మాయిలు: రెజీనా, నివేదా థామస్. దర్శకుడు సుధీర్ వర్మ.

● మన కథలూ బయటికెళ్లాయి. వెంకటేశ్ ‘దృశ్యం’ (2014)కు మాతృకైన మలయాళ చిత్రం 2019లో చైనాలో ‘షీప్ వితౌట్ ఎ షెపర్డ్’ అయింది. కథానాయకుడు ఇక్కడ చట్టానికి చిక్కడు. చైనా రీమేక్‌లో తానే లొంగిపోతాడు.